నిజాము తలపాగా ధరించిన జెట్టు విమానము

రాజుల దండయాత్రలును, వంశావళులును, సంధిపత్రములును మాత్రమే చరిత్రమని పెద్దలు భావించుచున్న కాలమున, జనుల తిండియు, కట్టుబొట్టును, ఆటపాటలును సైతము చరిత్రకెక్కదగినవేయని నమ్మి, ఆంధ్రుల సాంఘిక చరిత్రను 1949లో వెలువరించిన సురవరము ప్రతాపరెడ్డిగారు మన గద్వాల సీమవారు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైనవారు. అట్టి మహనీయుని పొరుగున పుట్టిన మనము, జానెడు పొడవు గల ఒక విమానపు బొమ్మను గూర్చి చరిత్రవ్యాసము వ్రాయుటకు సంకోచింపవలసిన పనిలేదు.

పాతకాలపు జెట్టు యుద్ధవిమానమును నిర్ణీతమగు కొలతకు తగ్గించి, అంగాంగమును అతికి, రంగులు వేసి, గుర్తులు అంటించి, అద్దాల బీరువాలో నిలుపు వేడుక పాశ్చాత్య దేశములలో పుట్టి మన దేశమునకు వచ్చినది. అందు దిట్టలగువారు తమ దేశపు విమానములనే మొదట ఎన్నుకొందురు. మన అచ్చంపేటవాడు అట్టి కోరికతో కూర్చుండినచో ఏ విమానమును ఎన్నుకొనవలెను? భారత వైమానికదళమున 1948లో ప్రవేశించిన తొలి జెట్టు వాంపైరనియో, తరువాతి నాట్ అనియో, మిగ్ అనియో ఎవ్వరైనను చెప్పుదురు. అవి యావద్భారతమునకును చెందిన విమానములు. కాని పూర్వము హైదరాబాదు రాజ్యమున మహబూబునగరు జిల్లాలో భాగమైయుండిన ఈ నేలకు ప్రత్యేకముగ సంబంధించిన జెట్టు వేరొకటి కలదు. అది ఇంగ్లండులో తయారై, ఇంగ్లండు ఆకాశముననే రాత్రులు కావలి తిరిగి, ఈ గడ్డను ఎన్నడును చూడక, ఈ రాజ్యము పేరును మాత్రము మోసినది. అదియే బ్రిటిషు రాజ వైమానికదళపు 152వ స్క్వాడ్రను వాడిన గ్లాస్టర్ మీటియర్ ఎన్.ఎఫ్.14 విమానము. ఆ దళము పూర్తిపేరు 152వ హైదరాబాదు స్క్వాడ్రను.

ఈ పేరు ఎట్లు కలిగినదో తెలియవలెనన్నచో మొదటి ప్రపంచయుద్ధపు తుదిదినములకు పోవలెను. 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్, బ్రిటిషువారి 110వ స్క్వాడ్రనునకు డి.హెచ్.9ఎ అను బాంబరు విమానములను దానముగా సమకూర్చెను. ఆ విమానములతో ఆ దళము 1918 సెప్టెంబరు మొదటి తేదీన ఫ్రాన్సు చేరి, జర్మనీ పట్టణములపై బాంబులు వేయుటకు పూనుకొనెను. దేవాలయపు గోడపై దాత పేరును చెక్కించిన విధమున, ఆ విమానముల మీద హైదరాబాదు నిజాము ఒసగినదని తెలుపు వాక్యము వ్రాయబడియుండెను. వానిలో ఎఫ్1010 అను సంఖ్య గల విమానము అదే సంవత్సరము అక్టోబరు 5వ తేదీ దాడికి వెడలి, జర్మనుల చేతికి చిక్కి, బెర్లిను ప్రదర్శనశాలకు చేరి, రెండవ యుద్ధకాలమున పోలండునకు తరలింపబడి, 1977లో తిరిగి ఇంగ్లండునకు వచ్చి, లండను నగరమందలి రాజ వైమానికదళ ప్రదర్శనశాలలో నేటికిని ఉన్నది. యుద్ధములో శత్రువు చేజిక్కినందున అది బ్రతికినది. దానితోబుట్టువులలో ఇట్లు ప్రదర్శనశాల చేరినది అదియే.

దానమిచ్చిన చేయి నిజాముది. ఆ చేతిలోని ధనము ఎవ్వరిదని విచారించుట చరిత్రకారుని ధర్మము. హైదరాబాదు రాజ్యపు రాబడులలో ప్రధానమైనది భూమిశిస్తు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు చెల్లించుచుండిన పేష్కషు దానికి తోడు. పాలమూరి చెలకలలో జొన్నయు ఆముదమును పండించి, వాన తప్పిన యేట వలసపోయిన కాపు, తన శిస్తు ఫలముగా ఒక యుద్ధవిమానము సముద్రముల కావల ఎగురుచున్నదని వినియుండడు. ఆ 1918లోనే బ్రిటిషు ప్రభుత్వము నిజామునకు విశ్వాసపాత్రుడగు మిత్రుడన్న బిరుదు నిచ్చెను. బిరుదు దాతకు దక్కెను, శిస్తు కాపుకు మిగిలెను.

రెండవ ప్రపంచయుద్ధము 1939లో ఆరంభమైనతోడనే హైదరాబాదు పేరు, 110వ దళమునకు తోడుగా, మరి రెండు దళములకు సంక్రమించెను. ఆ సంవత్సరపు అక్టోబరులో పునరుద్ధరింపబడిన 152వ దళమును 253వ దళమును ఈ పేరును పొందెను. 152వ దళమునకు 1940 ఆరంభమున స్పిట్‌ఫైరులు వచ్చెను; ఆ వేసవిలో అది డార్సెట్ సీమయందలి వార్మ్‌వెల్ విమానాశ్రయమునకు తరలి, దక్షిణ ఇంగ్లండు తీరమున జర్మను విమానములతో తలపడెను. 253వ దళము హరికేనులతో లండనుకు దక్షిణముననున్న కెన్లీ నుండి పోరాడెను. చరిత్రలో బ్రిటను యుద్ధమని ప్రసిద్ధికెక్కిన ఆ సంగ్రామమున హైదరాబాదు పేరు ఇట్లు రెండుసార్లు వినబడెను.

అదే 1940లో అచ్చంపేటకు దక్షిణమున, మన్ననూరు కనుమ నెక్కిన పిమ్మట ఎదురగు అమ్రాబాదు పీఠభూమిపై జరిగినదేమి? ఆస్ట్రియాలో జన్మించి, యుద్ధము వలన శత్రుదేశీయునిగా లెక్కింపబడి, నిజాము రాజ్యమున ఉండిపోయిన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు, చెంచు గిరిజనుల పల్లెలగు చెంచుపెంటలలో నివసించుచు, వారు దుంపలు త్రవ్వుటయు, తేనె తీయుటయు, విల్లమ్ములతో వేటాడుటయు వివరముగా వ్రాసికొనుచుండెను. ఆతని గ్రంథము 1943లో వెలువడెను. ఒకే రాజ్యము పేరు ఒకచోట గంటకు మున్నూరు మైళ్లకు మించి పరుగెత్తు యంత్రమునకు తగిలింపబడియుండగా, ఆ రాజ్యపు అడవిలో ఇనుపములికి గల అమ్మే జీవనాధారమై యుండెను. నిజాము వేటవిడిదియైన ఫర్హాబాదు ఆ చెంచుపెంటలకు ఎంతయో దూరము కాదు. ఈ రెండు దృశ్యములను ఒక్కచో నిలిపి చూచినగాని ఆనాటి హైదరాబాదు రాజ్యపు స్వరూపము బోధపడదు.

యుద్ధపు కడపటి సంవత్సరములలో 152వ దళము బర్మా రంగమునకు వచ్చెను. అప్పటి దాని స్పిట్‌ఫైరుల ప్రక్కలపై లంఘించు నల్లచిరుతపులి చిత్రింపబడియుండెను. 1946లో ఆ దళమునకు టెంపెస్టు అను విమానములు లభించెను. 1947 జనవరిలో అది రద్దయ్యెను. అటుపై ఇరువది నెలలు తిరుగకముందే, 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదు రాజ్యముపై నడచినప్పుడు, సైన్యమునకు తోడుగా వచ్చి ఆకాశము నుండి దాడిచేసినవియు టెంపెస్టులే. హైదరాబాదు పేరుతో ఎగిరిన జాతి విమానమే హైదరాబాదుపై దాడికి వచ్చెను. తన పేర మూడు వైమానికదళములు వెలసినను, ఆ దినమున నిజాము కడ ఎదుర్కొనుటకు ఒక్క యుద్ధవిమానమైనను లేకుండెను. సెప్టెంబరు 17వ తేదీన నిజాము లొంగుబాటును ప్రకటించెను.

రాజ్యము లొంగినను పేరు లొంగలేదు. 1954లో బ్రిటిషువారు 152వ దళమును వాటిషామ్ విమానాశ్రయమున మరల నెలకొల్పి, మీటియర్ ఎన్.ఎఫ్.12, ఎన్.ఎఫ్.14 జెట్టులనిచ్చిరి. 1955లో 253వ దళమునకు వెనమ్ అను రాత్రియుద్ధ జెట్టులు లభించెను. ఇక్కడ 1956 నవంబరు మొదటి తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలై, తెలంగాణము ఆంధ్రప్రదేశమునను, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రమునను, కన్నడ జిల్లాలు మైసూరునను కలిసిపోయెను. భూపటముపై హైదరాబాదు రాష్ట్రము లేని పిమ్మట సైతము 253వ దళము 1957 వరకును, 152వ దళము 1958 వరకును జెట్టుల నెగురవేసెను. ఆ 152వ దళపు ముద్రలో నిజాము తలపాగా కలదు. దాని క్రింది ధ్యేయవాక్యము 1918 నాటి ఆ మిత్రబిరుదే. ఒక రాజు శిరోభూషణము, ఆ రాజునకు రాజ్యము పోయిన పిమ్మట, పరదేశపు జెట్టుదళమునకు గుర్తుగా నిలుచుట ప్రపంచచరిత్రలో అరుదైన విషయము.

ఇక నమూనాల మాట. వీని కొలతకును ఒక చరిత్ర కలదు. 1932లో ఇంగ్లండున స్కైబర్డ్స్ అను పేరుతో అమ్మకమునకు వచ్చిన కొయ్య నమూనాలు అసలు విమానమును డెబ్బదిరెండవ వంతునకు కుదించినవి. ఆరడుగులు ఒక అంగుళమగుటచే లెక్కకు సులభము. ఆరడుగుల ఆజానుబాహువు అంగుళపు బొమ్మయగును. 1936లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విను అను పేర అదే కొలతలో ప్లాస్టిక్కు నమూనాలను తెచ్చెను. రెండవ యుద్ధమున ఈ వినోదము ఒక్కసారిగా రాజకార్యమయ్యెను. ఆకాశమున కనబడునది శత్రువో మిత్రుడో క్షణములో గుర్తించుట నేర్పుటకై నల్లరంగు పూసిన నమూనాలు వేలకొలది కావలసివచ్చెను. 1942లో అమెరికాలో బడిపిల్లలచే ఐదులక్షల నమూనాలను చేయింప తలపెట్టిరి. యుద్ధానంతరము 1953లో ఎయిర్‌ఫిక్స్ సంస్థ చవుక వెలకు స్పిట్‌ఫైరు కిట్టును అమ్మకమునకు పెట్టిన పిదప సామాన్యుని పిల్లవాడు సైతము విమాననిర్మాతయయ్యెను. 1970 దశకమున మ్యాచ్‌బాక్స్ సంస్థవారు రాత్రియుద్ధ మీటియరును డెబ్బదిరెండవ వంతున వెలువరించిరి. మన దేశమున ఎన్.సి.సి. వైమానిక విభాగము ఈ విద్యను తన శిక్షణలో చేర్చుకొనుటచే, బొమ్మవిమానము చేయుట కళాశాల విద్యార్థులకు పరిచితమైనది.

కిట్టు లభింపనివాడు నిరాశ చెందనక్కరలేదు. ప్లాస్టిక్కునకు పూర్వము పాశ్చాత్యులు బాల్సా వంటి తేలికకొయ్యను చెక్కి నమూనాలు చేసిరి. మన నిర్మల, కొండపల్లి బొమ్మల పనివారు అనాదిగా వాడు పొనికి కొయ్య అంతటి తేలికదియు, ఉలికి లోబడునదియును. కొండపల్లివారు బొమ్మ అంగములను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, అతుకు కనబడకుండ సుద్దపూత పూసి, ఆపై రంగులు వేయుదురు. ప్లాస్టిక్కు విమానమును నిర్మించువాడు చేయునదియు ఈ వరుసయే: అతుకు, మక్కు, నునుపు, తొలిపూత, రంగు. వస్తువులు మారినను పనివాని క్రమము మారలేదు.

మీటియరును నిర్మించువాడు మొదట తెలిసికొనవలసినది, ఒక మీటియరు మరియొక మీటియరు కాదని. 1943 మార్చిలో తొలిసారి ఎగిరి, 1944లో యుద్ధసేవకు వచ్చిన బ్రిటిషువారి ఈ తొలి జెట్టు పలురూపములు దాల్చెను. పగటి పోరునకైన ఎఫ్.8 పొడవు 44 అడుగుల 7 అంగుళములు, ఎన్.ఎఫ్.14 పొడవు 51 అడుగుల 4 అంగుళములు. ముక్కులో రాడారు యంత్రమును, వెనుక రెండవ ఆసనమును అమర్చుటకై దేహము సాగెను; ముక్కునందలి ఫిరంగులు చోటు లేక రెక్కలలోనికి పోయెను; రెక్కల విస్తారము ఎఫ్.8 వలె 37 అడుగులు గాక 43 అడుగులయ్యెను. డెబ్బదిరెండవ వంతున ఈ తేడా పొడవున అంగుళమును మించును, వెడల్పున అంగుళమునకు చేరువగును. కావున పగటి మీటియరు కిట్టునకు పొడవు ముక్కు అతికి రాత్రి మీటియరు అనుట, మేకకు తొండము తగిలించి ఏనుగనుటయే. సరియైన నమూనా సుమారు 217 మిల్లీమీటర్ల పొడవును, 182 మిల్లీమీటర్ల వెడల్పును కలిగియుండవలెను. ఎన్.ఎఫ్.12 కంటె ఎన్.ఎఫ్.14ను వేరుచేయు గుర్తు చోదకుల తలపై కప్పు. మునుపటిది బరువైన చట్రపు కమ్మీలు గలది, ఇది వెనుకకు జారు, విశాలమగు పారదర్శకపు కప్పు. ఈ విమానములను కట్టినది గ్లాస్టరు సంస్థ కాదు. కావెంట్రీ నగరపు ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ సంస్థ. ఎన్.ఎఫ్.14లు నూరు మాత్రమే తయారయ్యెను.

దేహపు రెండు చెక్కలను అతుకుటకు మునుపు ముక్కులో బరువు నింపవలెను. ముందొకటి, వెనుక రెండు చక్రములు గల ఈ విమానము, బొమ్మగా చేసినప్పుడు ముక్కు ఖాళీయగుటచే తోకపై కూలబడును. కృష్ణలో చేపలు పట్టువారు వలయంచునకు కట్టు సీసపు గుండ్లు ఇందుకు చాలును. గుండ్లను జిగురుతో బిగించి, చక్రములను తాత్కాలికముగా నిలిపి తూచి చూచిన పిమ్మటనే దేహమును మూయవలెను. మూసిన పిమ్మట చేయునది లేదు. అతుకులపై మక్కు పెట్టి, ఎండిన పిదప నీట తడిపిన ఎమరీ కాగితముతో రుద్దుచు, చూపును నమ్మక వ్రేలికొనతో తడవవలెను. కంటికి కనబడని గాడి వ్రేలికి తగులును, వ్రేలికి తగిలినది రంగు పడినతోడనే కంటికిని కనబడును. రుద్దునప్పుడు చెరిగిన రేకుల సందుగీతలను సూదిమొనతో మరల గీయవలెను.

రంగులు రెండే: మధ్యస్థమగు సముద్రపు బూడిదరంగు అంతటను, పైభాగమున దానిపై ముదురు పచ్చ మచ్చలును. రాత్రి తిరుగు విమానము నల్లగా ఉండునని తలచుట సహజము. కాని యుద్ధకాలపు అనుభవము బూడిదరంగే రాత్రియాకాశమున ఎక్కువ మరుగని తేల్చెను. చిన్నవస్తువుపై అసలు రంగును యథాతథముగా పూసినచో మిక్కిలి ముదురుగా తోచును గనుక, నేర్పరులు దానిని కొంచెము లేతపరచి పూయుదురు. పలుచగా, పూతపై పూతగా వేయవలెను. మన పాలమూరు వేసవిలో రంగు కుంచె మీదనే ఆరిపోవును. శ్రావణపు ముసురులో వార్నిషు పూసినచో తేమ చేరి తెల్లని మసక కమ్మును. కావున ప్రాతఃకాలపు చల్లదనమును, పొడిగాలియు గల దినములు ఈ పనికి మేలు.

గుర్తులు అంటించుట తుదిఘట్టము. డెకాల్ అను సన్నని ముద్రను నీట నానవేసి, కాగితము నుండి జార్చి, మెరుపు వార్నిషు పూసిన నున్నని తలమున నిలుపుదురు. గరుకు తలమైనచో అడుగున గాలిచేరి వెండిపొరవలె మెరయును. పాత కిట్టులోని డెకాల్ పసుపుపట్టినచో కిటికీ అద్దమునకు అంటించి కొన్ని దినములు ఎండ చూపుదురు. ఎండకు మనకు కొదువ లేదు. అసలు విమానముపై అడుగు పొడవు గల ముద్ర ఇక్కడ నాలుగు మిల్లీమీటర్లగును. నిజాము తలపాగా ఆ నాలుగు మిల్లీమీటర్లలో ఇమడవలెను. కుంచెలోని వెండ్రుకలను కత్తిరించి రెండు మూడు మిగిల్చి దానిని వ్రాయువాడు, రాజ్యవైభవము మొత్తమును బియ్యపుగింజ కంటె చిన్నదగు చోట నిలుపుచున్నాడు. ఆపై సందుగీతలలోనికి పలుచని నల్లతైలవర్ణమును పారించి, మిగిలినది తుడిచి, మెరుపణచు వార్నిషు పూసినచో నిర్మాణము ముగియును.

ఇంత శ్రమ ఎందులకని అడుగువారు ఉందురు. గ్రంథము చదువువాడు ముక్కు పొడవు తప్పుగా తలచినను చెల్లును. చేతితో నిర్మించువానికి అది చెల్లదు. ఏ సంవత్సరము, ఏ దళము, ఏ రూపమని తేల్చుకొనక అతడు ఒక్క అడుగు ముందునకు వేయలేడు. తేల్చుకొనుటకు పూనుకొనిన క్షణమున అతడు చరిత్రకారుడగును. మన జిల్లాల పాఠశాలలలో హైదరాబాదు రాజ్యచరిత్రను తేదీల పట్టికగా బోధించుచున్నారు. ఆ తరగతిగదిలో ఈ మీటియరొకటి నిలిచియున్నచో, నిజాము ఎవరు, తలపాగా ఇంగ్లండునకెట్లు పోయెను, రాజ్యము పోయినను పేరెట్లు నిలిచెనను ప్రశ్నలు పిల్లలే అడుగుదురు.

కాబట్టి అచ్చంపేట, నాగరుకర్నూలు, గద్వాల, వనపర్తి ప్రాంతముల అధ్యాపకులకును, ఎన్.సి.సి. విద్యార్థులకును నాదొక విన్నపము. కిట్టుతోనైనను, పొనికికొయ్యతోనైనను ఈ విమానము నొకదానిని నిర్మింపుడు. బొమ్మ పీఠముపై విమానము పేరును, కట్టిన కావెంట్రీ పేరును, 1954–1958 అను సంవత్సరములను వ్రాయుదురు. వానితోపాటు మరియొక పంక్తి వ్రాయుడు. హైదరాబాదు అన్న పేరు ఈ దళములకు దక్కిన నాటి ఐశ్వర్యమునకు మూలము ఈ నేలను దున్నిన కాపు చెల్లించిన శిస్తు అని. దాత పేరు ఇంగ్లండులోని పుస్తకములలో ఎట్లును ఉన్నది. కాపు పేరు వ్రాయవలసినది మనమే.